45 డిగ్రీల రోమన్ చైర్: ఆటగాళ్ల పాత నడుం నొప్పికి కొనొచ్చా?

కొనొచ్చు, ప్యాడ్ ఎత్తు మీ తుంటికి కుదిరితేనే. రోమన్ చైర్ అంటే తొడలు ప్యాడ్‌కి ఆనించి, కాళ్లు రోలర్ల కింద బిగించి, మొండెాన్ని కిందికి వంచి పైకి లేపే ఏటవాలు బెంచీ. పది వేల లోపు దొరికే ఇంటి మోడళ్లలో ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ప్యాడ్ పై అంచు తొడ, పొట్ట కలిసే మడతకి కాస్త కిందే ఆగాలి. అలా ఉంటే వంగేటప్పుడు తుంటి కీలు తిరుగుతుంది, నడుం నిటారుగానే ఉంటుంది. అంచు పొట్టకి ఆనితే తుంటి కదలదు, వంగే పనంతా నడుం పూసల మీద పడుతుంది. మూడు నెలలు దాటిన నొప్పితో ఉన్న కబడ్డీ ఆటగాడికి కావలసింది సరిగ్గా దానికి ఉల్టా. ఆరడుగులున్నవాళ్లు ఎత్తు సర్దే పిన్‌ని చివరి రంధ్రంలో పెట్టి, ఎక్కి చూశాకే డబ్బు కట్టాలి.

ప్యాడ్ రెండు ముక్కలుగా ఉన్నది మేలు. ఒకే దిమ్మలా ఉంటే మగవాళ్లకి గజ్జల్లో నొక్కుకుంటుంది, దాంతో తెలియకుండానే పైకి జరిగిపోతారు, మళ్లీ మొదటి సమస్యే. కాళ్లని పట్టి ఉంచే రోలర్లు మడమకి పైన గట్టిగా కూర్చోవాలి. పిన్ రంధ్రం వదులుగా ఉంటే స్టాండు ఊగుతుంది, టైల్స్ నేల మీద జారుతుంది కూడా, కింద రబ్బరు మ్యాట్ తప్పనిసరి. స్టిక్కర్ మీద రాసిన బరువు పరిమితిలో మీ బరువుతో పాటు చేతిలో పట్టుకునే బరువు ప్లేట్‌ని కూడా లెక్కేయండి.

45 డిగ్రీలే ఎందుకంటే, ఒళ్లంతా ఒకే గీతలోకి వచ్చే పై స్థితిలో నడుం మీద పడే భారం గరిష్ఠంలో సుమారు 70 శాతమే. మొండెం నేలకి సమాంతరంగా వచ్చినప్పుడే పూర్తి భారం. పూర్తిగా అడ్డంగా పడుకునే బెంచీ మీద ఆ పూర్తి భారం పై స్థితిలోనే పడుతుంది, నొప్పి ఉన్నవాళ్లు అక్కడే బెదిరిపోతారు. ఈ చైర్‌కి మేమిచ్చే మార్కుల్లో సగం ఈ ఒక్క గుణానికే.

మొదటి రెండు వారాలు ఎత్తడం, దించడం వద్దు. చేతులు ఛాతీ మీద కట్టుకుని, తల, తుంటి, మడమ ఒకే గీతలో పది సెకన్లు ఆగడం, అయిదు సార్లు. అది తేలికయ్యాక మూడు సెకన్లలో కిందికి, ఒక సెకను పైన ఆగుతూ, 8 నుంచి 10 సార్లు, మూడు సెట్లు. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామం. మెల్లగా పెంచుతూ మూడు సెట్లలోనూ 15 సార్లు అందినప్పుడు 2.5 కిలోల ప్లేట్ ఛాతీకి హత్తుకోండి. నొప్పి పదికి మూడు దాటకుండా, మర్నాటికి మామూలు స్థాయికి దిగితే కొనసాగించొచ్చు. మర్నాడు పెరిగితే సెట్లు సగానికి తగ్గించండి. నొప్పి కాలిలోకి పాకితే ఆపేయండి.

జిమ్ముల్లో జరిగే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే: పైకొచ్చి అక్కడితో ఆగకుండా నడుముని విల్లులా వెనక్కి విరవడం. వెన్నుపూసల వెనక కీళ్లు అక్కడ నొక్కుకుంటాయి. ఊపుతో లేవడం దాని తోబుట్టువు. ఇంకోటి, నిద్ర లేచీ లేవగానే చేయడం. రాత్రంతా పూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు నీరు పీల్చుకుని ఉంటాయి, పొద్దున్నే లోతుగా వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. తల కిందికి వాల్చే పని కాబట్టి అదుపులో లేని బీపీ, గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లకి ఇది తగదు.

వయసులో చిన్న ఫాస్ట్ బౌలర్‌కి, వెనక్కి వంగినప్పుడు ఒక పక్కే, బౌలింగ్ చేతికి ఎదురు పక్క నొప్పి ఉంటే చైర్ సంగతి తర్వాత, ముందు ఎమ్మారై. పూసలో ఒత్తిడి పగులు సాధారణంగా ఆ పక్కే వస్తుంది. బుమ్రాకి 2019లో వచ్చింది కూడా నడుంలో ఒత్తిడి పగులే. మలమూత్రాల మీద పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం లేవకపోయినా నేరుగా ఆసుపత్రికి.

వ్యాయామానికి ఆధారం గట్టిదే. వైద్య పరిశోధనలని జల్లెడ పట్టే కోక్రేన్ సంస్థ 249 ప్రయోగాలని కలిపి చూసిన 2021 సమీక్షలో, వైద్యం ఏమీ తీసుకోనివాళ్లు, మామూలు వైద్యం లేదా ఉత్తుత్తి వైద్యం తీసుకున్నవాళ్లతో పోలిస్తే నొప్పి వంద పాయింట్ల కొలత మీద సగటున 15 పాయింట్లు తగ్గింది. మరీ అద్భుతం కాదు, కానీ నిజం. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాయామాన్ని సిఫారసు చేస్తూ, నడుం బెల్టు, ట్రాక్షన్ (నడుంని లాగి పట్టడం), అల్ట్రాసౌండ్ వైద్యం, టెన్స్ (చర్మం మీద నుంచి సన్నని కరెంటు పెట్టడం) వద్దంది. మన ఊళ్ల ఫిజియో ప్యాకేజీల్లో పెద్ద భాగం ఆ వద్దన్న జాబితాయే. అయితే ఈ చైర్ పక్క కండరాలని పెద్దగా పట్టించుకోదు. రెండు వైపులా సైడ్ ప్లాంక్ (పక్కకి తిరిగి మోచేతి మీద ఒళ్లు నిలపడం), బర్డ్ డాగ్ (చేతులు, మోకాళ్ల మీద ఉండి ఒక చేయి, ఎదురు కాలు చాపడం) పది సెకన్ల చొప్పున జతచేయాలి. ఓవర్ల సంఖ్య ఒక్క వారంలో రెట్టింపు చేసే బౌలర్‌ని ఏ చైరూ కాపాడలేదు.

కొనకుండానూ గడుస్తుంది. గట్టి బల్ల అంచుకి తుంటి ఎముక పై భాగం వచ్చేలా బోర్లా పడుకుని, పిక్కల మీద ఒకరు కూర్చుంటే మొండెం గాల్లో అడ్డంగా నిలుస్తుంది. ఇక్కడ పూర్తి భారమే కాబట్టి అయిదు సెకన్లతో మొదలు. నాలుగు వారాలకోసారి ఇదే స్థితిలో ఎంతసేపు ఆగగలరో కొలవండి, సోరెన్సన్ పరీక్ష అంటే ఇదే, 240 సెకన్లు దాటాక గడియారం ఆపేస్తారు.