చిన్న గోల్డ్‌ఫిష్ తొట్టికి ఏ ఫిల్టర్? స్పాంజ్ ఫిల్టర్ రెండున్నరేళ్లు వాడాక

మా తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. పైన కాస్త ఖాళీ వదిలేస్తే 45 నుంచి 50 లీటర్ల నీళ్లు పడతాయి. అందులో రెండే గోల్డ్‌ఫిష్‌లు, ఒకటి ఒరాండా రకం, ఒకటి ఫాన్‌టెయిల్ రకం. వరంగల్‌లో మా హాల్లో మూడేళ్లుగా ఉంది. మొదటి ఆరు నెలల్లో రెండు ఫిల్టర్లు మార్చి, చివరికి ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ పెట్టాను. అప్పటినుంచి అదే నడుస్తోంది.

మొదట కొన్నది లోపల అద్దానికి అతుక్కునే మోటార్ ఫిల్టర్. డబ్బా మీద గంటకు 600 లీటర్లు అని ఉంది, ఆ అంకె చూసే తీసుకున్నాను. రెండు రోజుల్లో నీళ్లు అద్దంలా అయ్యాయి. కానీ ఫాన్‌టెయిల్ ఆ ధారకి ఎదురు ఈదలేక రోజంతా తోక ముడుచుకుని ఒక మూలనే ఉండేది. గుండ్రటి ఒళ్లు, పొడుగు తోక ఉన్న చేపలకి ప్రవాహం గట్టిగా ఉంటే చాలా కష్టం. పైగా లోపలి స్పాంజ్ చూస్తే అగ్గిపెట్టంత. వారానికోసారి మూసుకుపోయేది, నేను తీసుకెళ్లి కుళాయి కింద శుభ్రంగా కడిగేదాన్ని.

మూడో వారం ఒక రాత్రి మా పాప వచ్చి, "అమ్మా, చేప పైకొచ్చి నోరు తెరుస్తోంది చూడు" అంది. ఒరాండా మొప్పలు ఎర్రగా ఉన్నాయి, నీళ్లు మాత్రం స్వచ్ఛంగానే కనిపిస్తున్నాయి. మర్నాడు టెస్ట్ కిట్ తెచ్చి చుక్కలు వేస్తే పసుపుగా ఉండాల్సిన నీళ్లు ఆకుపచ్చగా మారాయి, అంటే అమ్మోనియా. గోల్డ్‌ఫిష్‌కి జీర్ణాశయం ఉండదు, తిన్నది త్వరగా బయటికి వచ్చేస్తుంది, మొప్పల నుంచి కూడా అమ్మోనియా వదులుతుంది. దాన్ని నైట్రైట్‌గా, తర్వాత అంత ప్రమాదం లేని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఎక్కువగా స్పాంజ్‌కి అంటుకునే బతుకుతుంది. క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లతో కడిగి వారం వారం దాన్నే చంపుతున్నాను. సగం నీళ్లు మార్చి, యాంటీ క్లోరిన్ వేసి, వారం పాటు మేత బాగా తగ్గిస్తే గానీ చేప కోలుకోలేదు.

తర్వాత అంచుకి తగిలించే హ్యాంగ్ ఆన్ ఫిల్టర్ వాడాను. మంచిదే, లోపల జాగా ఎక్కువ. కానీ ఎండాకాలంలో నీటిమట్టం దిగగానే ధార చప్పుడు మొదలు, కరెంటు పోయి వస్తే ఒక్కోసారి నీళ్లు ఎక్కక మోటార్ ఉత్తినే తిరిగేది. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు నిస్సంకోచంగా తీసుకోవచ్చు.

ఇక స్పాంజ్ ఫిల్టర్. ఒకటి కాదు, రెండు పెట్టండి, ఇదే నేను గట్టిగా చెప్పేది. రెండు అవుట్‌లెట్ల పంపు ఒక్కటి సరిపోతుంది, మొత్తం నాకు 700 రూపాయల లోపే అయ్యింది. ఈ వారం ఒకటి, రెండు వారాల తర్వాత ఇంకొకటి కడుగుతాను, అదీ తొట్టిలోంచి తీసిన నీళ్ల బకెట్‌లోనే. మొదటి పిండుకి డికాక్షన్‌లా చిక్కగా దిగుతుంది, రెండోసారికి పల్చబడుతుంది, అక్కడితో ఆపేస్తాను, తెల్లగా అయ్యేదాకా పిండకూడదు. కరెంటు పోయినా స్పాంజ్ తొట్టి నీళ్లలోనే తెరిచి ఉంటుంది కాబట్టి, మూసిన డబ్బాలోలాగా బ్యాక్టీరియాకి త్వరగా ఊపిరాడకుండా పోదు. మే నెల టెన్షన్ వేరే, వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, అందుకని బ్యాటరీతో నడిచే చిన్న పంపు కూడా ఉంచుకున్నాను.

పంపు నీటిమట్టం కన్నా ఎత్తులో పెట్టండి, కుదరకపోతే పైపుకి చెక్ వాల్వ్ (నీళ్లు వెనక్కి రాకుండా ఆపేది) తప్పనిసరి. నేను కింద పెట్టినప్పుడు కరెంటు పోయి నీళ్లు పైపులోంచి వెనక్కి దిగాయి, పంపు పాడైంది. ఫిల్టర్ గొట్టంలో చిన్న ఎయిర్ స్టోన్ (గాలిని సన్న బుడగలుగా వదిలే రాయి) దూర్చితే గుడగుడ బాగా తగ్గుతుంది, నిద్రకి ఇబ్బంది ఉండదు.

లోపాలూ ఉన్నాయి. అడుగున పడిన మలాన్ని ఇది లాగదు. అందుకే నేను గులకరాళ్లు తీసేశాను, వారానికోసారి పైపుతో అడుగు లాగుతూ మూడో వంతు నీళ్లు మారుస్తాను. ఏ ఫిల్టర్ పెట్టినా నీళ్లు మార్చడం మాత్రం తప్పదు, నైట్రేట్ బయటికి పోయే దారి అదే. నీళ్లు మోటార్ ఫిల్టర్ ఇచ్చినంత మెరుపుగానూ ఉండవు. పంపు లోపలి రబ్బరు ఒకసారి మార్చాల్సి వచ్చింది, గాలి బుడగలు తగ్గిపోతే ముందు అదే చూడండి.

ఒరాండా ఇప్పుడు నా అరచేతి పొడవు ఉంది, ఈ తొట్టి దానికి ఇరుకే. వచ్చే నెల మూడడుగుల తొట్టి తెస్తున్నాం. దానికి పెద్ద ఫిల్టర్ పెడతాను గానీ, మొదటి నెలన్నర ఈ పాత స్పాంజ్‌లు రెండూ అందులోనే నడుస్తాయి, కొత్తదానికి బ్యాక్టీరియా పట్టేదాకా.