తొలి టూంబ్ రైడర్: మళ్లీ ఆడి చూస్తే

1996లో వెలువడిన తొలి టూంబ్ రైడర్ వీడియో గేమ్‌ను ఇన్నేళ్ల తరువాత ప్లేస్టేషన్ మీద మొదటి నుంచి చివరిదాకా మళ్లీ ఆడాను. కథానాయిక లారా క్రాఫ్ట్ రూపం కోణాలు తేలి మొరటుగా కనిపించినా, ఆ కాలపు యంత్రాల శక్తిని తలచుకుంటే బొమ్మలను నేటికీ క్షమించవచ్చు.

క్షమించలేనిది నియంత్రణ. ఆటలోని లోకమంతా సమానమైన చదరాలుగా విభజించి ఉండటం వల్ల, దూరపు గట్టుకు దూకాలంటే అంచుదాకా నడిచి, ఒక్క గంతు వెనక్కి వేసి, అక్కడి నుంచి పరుగందుకుని, అంచు చేరకముందే దూకే బటన్‌ను నొక్కి ఉంచాలి. ఎడమ బటన్ నొక్కితే ఆమె ఎడమకు నడవదు, నిలబడిన చోటే తిరుగుతుంది. పైగా ఈ ప్లేస్టేషన్ రూపంలో స్ఫటికాలు కనిపించిన చోట మాత్రమే ఆటను సేవ్ చేసుకోగలం గనుక, ఒక్క గంతు తప్పితే అప్పటిదాకా పడిన శ్రమంతా వృథా అవుతుంది.

అయినా సెయింట్ ఫ్రాన్సిస్ ఫాలీ అనే అంచెలోని ఆ లోతైన బావిలాంటి కట్టడం, థోర్, నెప్ట్యూన్ పేర్లున్న గదులు, వాటిని ఆవరించిన నిశ్శబ్దం నన్ను ఇప్పటికీ కట్టిపడేశాయి. కొత్తగా మొదలుపెట్టేవారు 2024 నాటి రీమాస్టర్‌నే, అంటే పాత ఆటకు మెరుగులు దిద్దిన రూపాన్నే, ఎంచుకోవాలి; అందులో ఆధునిక నియంత్రణతో పాటు, పాత బొమ్మలకూ కొత్త బొమ్మలకూ మధ్య ఒక్క బటన్‌తో మారే వీలుంది.