పుల్లరి కథ చూద్దామని బయల్దేరితే గుంటూరు లాడ్జీలోనే కట్టించుకున్నారు

గుంటూరులో దిగేవాళ్ళకి ముందే చెప్తున్నా, ఫోన్లో చెప్పిన రేటు నమ్మకండి. "రూము 1,600 సార్, అన్నీ కలిపే" అన్నాడు మేనేజరు. రెండు రూములకి 3,200 అవ్వాలి కదా, పొద్దున బిల్లు చూస్తే 4,150! ఏసీకి రూముకి 200, వేడినీళ్ళకి 100, మావాడికి ఎక్స్‌ట్రా పర్సన్ అని 300, పార్కింగ్ 150. మావాడు పడుకుంది మేం ఇంటి నుంచి తెచ్చుకున్న బొంత మీద. కప్పుకుంది మా దుప్పటే. కారు పెట్టింది వాళ్ళ ఆవరణలో కూడా కాదు, రోడ్డు మీద. రోడ్డు మునిసిపాలిటీది, కారు మాది, మధ్యలో ఈయనకి 150 ఎందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు. గట్టిగా అడిగితే "ఓనరు గారి రూలండీ" అంటాడు తప్ప ఆ రూలు ఎక్కడ రాసుందో చూపించడు.

నేనూ మా ఆవిడా కౌంటర్ దగ్గర అరుస్తుంటే మా బాబాయి సోఫాలో కూర్చుని ఒకటే నవ్వు. ఆయన హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. "ఒరేయ్, మనం పల్నాడు వెళ్తున్నది ఇలాంటి వసూళ్ళ సంగతి, అదే అడవిలో పశువుల మేతకి కట్టించుకున్న పుల్లరి సంగతి చూడ్డానికే కదరా, కట్టేసి రా" అన్నారు. కట్టాను. పిడుగురాళ్ళ రోడ్డా, నరసరావుపేట రోడ్డా అన్న మాట వచ్చేదాకా మా ఆవిడ నాతో మాట్లాడలేదు.

అసలీ ప్రయాణం పదో తరగతి చదివే మావాడి కోసం. స్వాతంత్ర్య పోరాటానికి కారణాలు అంటూ పాయింట్లు బట్టీ కొడుతుంటే బాబాయికి చిర్రెత్తి, ఆ కారణాలు మన పక్క జిల్లాల్లోనే ఉన్నాయి పదండి అని రాజమండ్రి నుంచి అందర్నీ కారెక్కించారు. పెట్రోలుకి మొత్తం 5,300 అయింది. విజయవాడ హాయిగా గడిచింది. బందరు రోడ్డులో బాపు మ్యూజియం చూశాం. విక్టోరియా రాణి జూబిలీ పేరుతో కట్టిన భవనానికి ఇప్పుడు బాపు పేరు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1న బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడే పింగళి వెంకయ్య గారు గాంధీకి జెండా చూపించింది. అది తెలిశాక మావాడు కాస్త దారికొచ్చాడు.

మేం నరసరావుపేట మీదుగానే వెళ్ళాం. దాటాక నేల మారిపోతుంది. నాపరాళ్ళు, ముళ్ళకంపలు, గుట్టలు, గేదెలు. దుర్గి వైపు వెళ్తుంటే బాబాయి కారు ఆపించి పాఠం మొదలెట్టారు. ఇక్కడి రైతుకి పశువుల మేత, పొయ్యిలోకి కట్టె, నాగలికి కర్ర అన్నీ అడవి నుంచే. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి రిజర్వు ఫారెస్టని హద్దులు గీశారు, తాతల నాటి నుంచి తోలుకెళ్తున్న చోటికే పశువుని తోలితే పుల్లరి కట్టమన్నారు. 1921లో సహాయ నిరాకరణ ఊపు ఇటు తగిలేసరికి జనం కట్టం పొమ్మన్నారు. వసూలుకొచ్చిన ఉద్యోగులకి ఊళ్ళో తిండి లేదు, నీళ్ళు లేవు, బట్టలుతికేవాళ్ళూ గడ్డం గీసేవాళ్ళూ లేరు. నచ్చజెప్పడానికో నడిపించడానికో గుంటూరు నుంచి వచ్చిన కాంగ్రెస్ నాయకుడు ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైలుకెళ్ళారు. పుల్లరి కట్టొద్దని ముందు నిలబడ్డ మించాలపాడు కన్నెగంటి హనుమంతుని 1922 ఫిబ్రవరి ఆఖర్లో పోలీసులు కాల్చి చంపారు. అప్పటికి, చౌరీచౌరాలో జనం పోలీసు స్టేషన్ తగలబెట్టాక, ఉద్యమం ఆపేద్దామని కాంగ్రెస్ వాళ్ళు బార్డోలీలో తీర్మానం చేసి పది పదిహేను రోజులు. "అంటే తాతయ్యా, ఆపేశాక చంపారా?" అన్నాడు మావాడు. ఆ తేదీలు వాడి పుస్తకంలో పక్కపక్కన లేవు.

"950 రూపాయల అదనపు బిల్లుకీ తుపాకి గుండుకీ పోలికేంటి చిన్నమావయ్యగారూ" అని మా ఆవిడ అడిగింది. నిజమే. బాబాయి ఏమీ అనలేదు, ఆకలేస్తోందన్నారు.

తిన్నది రోడ్డు పక్క రేకుల షెడ్డులో, ఒకావిడ నడుపుతోంది. బోర్డు కూడా లేదు. జొన్నరొట్టె, నాటుకోడి పులుసు, గోంగూర, పండుమిరప పచ్చడి, ప్లేటు 120. కారానికి మావాడి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా రొట్టె వదల్లేదు. గడ్డపెరుగు మేం అడగకుండానే తెచ్చి పెట్టింది. బాబాయి "గేదెల్ని ఎటు తోల్తారమ్మా" అంటే గుట్టవైపు చెయ్యి చూపించి ఇంకో గరిటె వేసింది. నలుగురికీ కలిపి 480, పెరుక్కీ, అదనంగా తిన్న రొట్టెలకీ ఎంతని అడిగితే "పోనీండి, పిల్లాడు తిన్నాడుగా" అంది. ఈ ప్రయాణంలో మా ఆవిడ మనసారా నవ్వింది అక్కడే.

రాత్రి నరసరావుపేటలో ఉన్నాం. రూము 1,200, బిల్లు కూడా అంతే. దుప్పట్లు పాతవి కానీ ఉతికినవి. పల్నాడు వెళ్ళేవాళ్ళు గుంటూరు వదిలేసి ఇక్కడే దిగండి.

మర్నాడు చీరాల. ఆ రోజుల్లోనే అక్కడ గొడవ మునిసిపాలిటీ పన్ను మీద. పంచాయతీ లాంటి యూనియన్‌ని మునిసిపాలిటీ చేసి, నాలుగు వేల పన్నుని దాదాపు నలభై వేలకి పెంచారు. జనంలో ఎక్కువమంది నేతగాళ్ళు, ఎక్కణ్ణించి తెస్తారు? కాంగ్రెస్ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద వేలమంది ఊరు ఖాళీ చేసి బయట రామ్‌నగర్ అని పాకలు వేసుకుని పదకొండు నెలలున్నారు. ఊళ్ళో మనుషులే లేకపోతే పన్నెవరు కడతారు? చివరికి దుగ్గిరాల జైల్లో, డబ్బు లేక జనం తిరిగొచ్చేశారు. ఓడిపోయారని మావాడంటే బాబాయికి కోపం వచ్చి భోజనం దాకా మాట్లాడలేదు. నాకు మాత్రం మావాడి మాటలో తప్పు కనబడలేదు.

చీరలు కొనాలంటే బజారులో మొదటి షాపుకే వెళ్ళకండి. మొదటి దాంట్లో 1,900 చెప్పిన కాటన్ చీరే మూడో దాంట్లో 1,350కి వచ్చింది. ఎండాకాలం పల్నాడు వైపు వెళ్ళొద్దు, డిసెంబరు, జనవరి బాగుంటాయి. గుంటూరులో దిగక తప్పదంటే రేటు మొత్తం వాట్సాప్‌లో రాయించుకోండి, పార్కింగ్‌తో సహా.