ట్రామా ఇన్‌ఫార్మ్‌డ్ ప్రాక్టీస్ పీజీ కోర్సు: చదివి, చాలాకాలం వాడాక

ఈ సమీక్ష సర్టిఫికెట్ చేతికొచ్చిన వారంలో రాసి ఉంటే ఐదుకు ఐదు వేసేదాన్ని. ఆ ఊపులో ఎవరైనా అంతే వేస్తారు. ఇప్పుడు నోట్సులో చాలా భాగం మర్చిపోయాను. మర్చిపోనిదేమిటో మాత్రం క్లాసులో రోజూ తెలుస్తూనే ఉంది. అందుకే ఇప్పుడు మార్కులు వేయమంటే నాలుగు వేస్తాను. ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానో కూడా చెప్తాను.

నేను హైస్కూల్ టీచర్ని. చేరింది టీచర్లకూ సోషల్ వర్కర్లకూ కలిపి నడిపే పోస్ట్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ కోర్సులో. ఉద్యోగం చేసుకుంటూ చదవొచ్చు. సాయంత్రాలు లైవ్ క్లాసులు, మధ్యలో అసైన్‌మెంట్లు, రెండో సగంలో ఎవరు పనిచేసే చోటే వాళ్లకు ప్రాక్టికమ్, అంటే నేర్చుకున్నది పనిలో పెట్టి చూడడం. పిల్లల సంరక్షణ కేసులు చూసేవాళ్లు, షెల్టర్ హోముల్లో పనిచేసేవాళ్లు, స్కూల్ కౌన్సెలర్లు, నాలాంటి టీచర్లు అందరం ఒకే బ్యాచ్. చేరేముందు ఒక విషయం తెలుసుకోండి. ఇది థెరపిస్టుల్ని తయారుచేసే కోర్సు కాదు. ట్రామాకు, అంటే మనసుకు తగిలిన లోతైన దెబ్బకు, చికిత్స ఇక్కడ నేర్పరు. దెబ్బతిన్న మనిషి మన క్లాసుకో మన ఆఫీసుకో వచ్చినప్పుడు మన పద్ధతుల వల్లే ఆ దెబ్బ మళ్లీ రేగకుండా చూసుకోవడం నేర్పుతారు. చికిత్స చేయడం నేర్చుకోవాలన్న ఆశతో వచ్చినవాళ్లు మా బ్యాచ్‌లోనూ ఉన్నారు. మధ్యలో మానేసినవాళ్లలో ఎక్కువమంది వాళ్లే.

మొదటి నెలలు పునాది. బాల్యంలో ఎదురైన చేదు అనుభవాలపై అమెరికా డాక్టర్లు విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా చేసిన ఏసీఈ అధ్యయనంతో మొదలవుతుంది. తొలి ఫలితాలు 1998లో వచ్చాయి. మొత్తం మీద 17,000 మందికి పైగా పెద్దవాళ్లు అందులో పాల్గొన్నారు. చిన్నప్పుడు హింస, నిర్లక్ష్యం, ఇంట్లో తాగుడు లాంటివి ఎన్ని రకాలుగా ఎదురైతే, పెద్దయ్యాక డిప్రెషన్, మత్తు అలవాట్లు, గుండె జబ్బుల వంటి వాటి ముప్పు అంతగా పెరుగుతూ పోయిందని అది చూపించింది. ఇది చదవగానే మా బ్యాచ్‌లో ఒకరు, తమ స్కూల్లో పిల్లలందరికీ ఆ అధ్యయనంలోని ప్రశ్నల ఫారం ఇచ్చి, ఎన్ని రకాల చేదు అనుభవాలున్నాయో లెక్కేసి స్కోరు తీద్దామన్నారు. ఇలాంటి ఉత్సాహం ఎంత ప్రమాదమో చెప్పడానికి మా లెక్చరర్ ఒక క్లాసు మొత్తం కేటాయించారు. ఆ స్కోరు జనాభా మొత్తం ధోరణి చెప్పడానికి పనికొస్తుంది, ఎదురుగా కూర్చున్న ఒక పిల్లాడి భవిష్యత్తు చెప్పడానికి పనికిరాదు. అదే స్కోరు ఉన్న ఇద్దరు పిల్లల అనుభవాలు ఎంత తీవ్రమైనవో, ఎంతకాలం సాగాయో, పక్కన ఆదుకునే పెద్దవాళ్లు ఉన్నారో లేదో అందులో ఉండదు. ఈ హెచ్చరిక రాసింది కూడా ఆ ఆండానే, సహ రచయితలతో కలిసి, 2020లో. కోర్సు మీద నాకు నమ్మకం కుదిరింది ఆ రోజే.

మెదడు గురించిన పాఠాల దగ్గర ఆ జాగ్రత్త కనిపించలేదు. పాకే జంతువుల మెదడు, దాని మీద పాలిచ్చే జంతువుల మెదడు, అన్నిటికన్నా పైన మనిషి మెదడు అంటూ మూడు అంతస్తుల బొమ్మ ఒకటి వేస్తారు. చూడ్డానికి బాగుంటుంది, స్టాఫ్ మీటింగులో చెప్తే అందరూ తల ఊపుతారు. మెదడు పరిణామం అలా పొర మీద పొరగా జరగలేదని ఆ రంగంలో వాళ్లు ఎప్పుడో తేల్చేశారు. మెదడు నుంచి గుండె, కడుపు దాకా వెళ్లే వేగస్ నాడి చుట్టూ అల్లిన పాలీవేగల్ సిద్ధాంతం (మన భయం, స్థిమితం ఆ నాడిని బట్టేనంటుంది) సంగతీ అంతే, శరీరశాస్త్రం వైపు నుంచి గట్టి అభ్యంతరాలున్నాయి. వీటిని రుజువైన సత్యాల్లా కాకుండా, ఇలా ఊహించుకుంటే పనికి సాయంగా ఉంటుంది అని చెప్పి వదిలేస్తే సరిపోయేది. వారాలకు వారాలు పట్టాయి. నిజం చెప్పాలంటే, ఆ పాఠాల్లో ఒక్క ముక్కే ఇప్పటికీ వాడుతున్నాను. పిల్లల మానసిక వైద్యుడు బ్రూస్ పెరీ చెప్పే వరుస అది: ముందు స్థిమితం, తర్వాత చనువు, ఆ తర్వాతే తర్కం. కుర్చీ తన్నిన పిల్లాడికి ఆ నిమిషంలో క్రమశిక్షణ గురించి చెప్పడం దండగ. అతని ఊపిరి కుదుటపడ్డాక చెప్తే వింటాడు. ఇది తెలుసుకోవడానికి మెదడు బొమ్మ అక్కర్లేదు.

ఇక అసలు విషయం. ఈ కోర్సు నాకిచ్చిన పెద్ద ఊరట ఏమిటంటే, పిల్లల కథ నాకు తెలియనక్కర్లేదు. అంతకుముందు, ఫలానా పిల్ల ఇంట్లో ఏదో జరుగుతోందని అనుమానం వస్తే, అదేమిటో తెలిస్తే తప్ప సాయం చేయలేననుకునేదాన్ని. ఈ రంగంలో బాగా వినిపించే ఒక మాటుంది: ‘నీకేమైంది, ఎందుకిలా తయారయ్యావు’ అని కాకుండా ‘నీకు ఏం జరిగింది’ అని అడగాలని. మాట మంచిదే. కానీ దాన్ని పట్టుకుని కొందరు నిజంగానే అడగడం మొదలుపెడతారు, స్టాఫ్ రూమ్ పక్కన, రెండు పీరియడ్ల మధ్య ఐదు నిమిషాల్లో. చెప్పుకున్న పిల్ల గాయం తెరిచి కూర్చుంటుంది, బెల్ కొడుతుంది, టీచర్ వెళ్లిపోతుంది. మా లెక్చరర్ ఆ ప్రశ్నను మీ మనసులోనే అడుక్కోండి, పిల్లల్ని అడగొద్దు అనేవారు. క్లాసులో ఉన్న వాళ్లలో ఎవరికి ఏం జరిగిందో తెలియకపోయినా ఎవరికీ హాని జరగని విధంగా క్లాసు నడపొచ్చు, నేర్చుకోవాల్సింది అది.

మానసిక ఆరోగ్యం చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ సామ్సా ఈ పద్ధతికి 2014లో ఇచ్చిన ఆరు సూత్రాల్లో భద్రత, పారదర్శకత, ఎంచుకునే వీలు అనేవి నా క్లాసులో పనులుగా మారాయి. ఉదాహరణకు, ఆ రోజు ఏం చేయబోతున్నామో పీరియడ్ మొదట్లోనే బోర్డు మీద ఉంటుంది. మధ్యలో మారితే మారుతోందని ముందే చెప్తాను. నేను సెలవు పెట్టే రోజు వేరే టీచర్ వస్తారని ముందురోజే చెప్తాను. ఏమీ అనిపించని విషయంలా ఉంటుంది గానీ, రేపు ఏం ఎదురవుతుందో తెలియని ఇంట్లో పెరిగే పిల్లలకు చెప్పాపెట్టకుండా వచ్చే మార్పే పెద్ద టెన్షన్. ఎవర్నైనా పక్కకు పిలవాల్సి వస్తే ‘ఒకసారి రా, మాట్లాడాలి’ అనను. ‘నోట్‌బుక్ గురించి, రెండు నిమిషాలు’ అంటాను. వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేయను.

అన్నిటికన్నా ఎక్కువ మారింది మాత్రం హోమ్‌వర్క్. మీ వంశవృక్షం గీయండి, మీ చిన్ననాటి ఫొటో తీసుకురండి, మరపురాని రోజు గురించి వ్యాసం రాయండి, అనువంశికత పాఠానికి అమ్మానాన్నల కళ్ల రంగు రాసుకురండి. ఇవన్నీ ఏళ్ల తరబడి ఇస్తూ వచ్చినవే. అమ్మానాన్నలెవరో తెలియని పిల్లకి, సంరక్షణ గృహాలు మారుతూ పెరిగిన పిల్లాడికి ఇవి హోమ్‌వర్క్ అనిపించవు. ఇప్పుడు ప్రతి దానికీ రెండో దారి ఉంటుంది: మీ వంశవృక్షమైనా సరే, ఏదో ఒక రాజవంశానిదైనా సరే. ఎవరు ఏది ఎంచుకున్నా ఎందుకని అడగను. మార్కులు రెండిటికీ ఒకటే. ఏ పిల్ల కథా తెలుసుకోకుండా చేయగలిగే పని ఇది, ఖర్చు లేదు, పర్మిషన్ అక్కర్లేదు.

ఒక పిల్ల తనంతట తానే చెప్పుకున్నప్పుడు ఏం చేయాలో రోల్ ప్లేలతో నేర్పారు. ఎవరికీ చెప్పనని మాటివ్వకూడదు. ‘నీకు ప్రమాదం ఉందనిపిస్తే సాయం చేయగల వాళ్లకి చెప్పాల్సి ఉంటుంది, ఎవరికి చెప్తానో ముందు నీకే చెప్తాను’ అనాలి. ఆ అబ్బాయేనా, ఆ మామయ్యేనా అంటూ మనమే పేర్లు అందించకూడదు. పిల్ల వాడిన మాటల్నే రాయాలి, మన భాషలోకి సరిచేయకూడదు. విన్నాక ముఖంలో భయం, కోపం కనబడనీయకపోవడం అన్నిటికంటే కష్టం. రోల్ ప్లేలో కూడా సగం మందిమి అక్కడే తడబడ్డాం.

సోషల్ వర్కర్లతో కలిసి చదవడం ఎందుకు మేలో మొదట అర్థం కాలేదు. వాళ్ల కేస్ స్టడీలు మాకు దూరంగా, మావి వాళ్లకు చప్పగా ఉండేవి. ఒకరోజు పిల్లల సంరక్షణ కేసులు చూసే ఆవిడ, స్కూళ్ల నుంచి తమకు వచ్చే రిపోర్టులు ఎలా ఉంటాయో చెప్పారు. ‘మొండి.’ ‘అబద్ధాలు చెప్తుంది.’ ‘ఇంటి వాతావరణం బాలేదు.’ ఇలాంటి ముక్కతో తాము ఏమీ చేయలేమని, పైగా అది ఫైల్లో చేరి ఏళ్ల తరబడి ఆ పిల్ల వెంట తిరుగుతుందని అన్నారు. ఏ రోజు, ఏ పీరియడ్‌లో, దానికి ముందు ఏం జరిగింది, పిల్ల ఏం చేసింది, తర్వాత ఏమైంది అన్నది ఉంటే చాలట. అప్పటి నుంచి నేను రాసే రిపోర్టుల్లో విశేషణాలు దాదాపు మాయమయ్యాయి. వాళ్ల వైపు నుంచీ ఒకటి నేర్చుకున్నాను: ఒకే పిల్ల చేత ఒకే కథను ఆఫీసు తర్వాత ఆఫీసు చెప్పించడం కూడా హానే. ఒకసారి నేను రాసి పెట్టింది ఉంటే, దాన్నే ముందుకు పంపమని అడగొచ్చు.

సూపర్విజన్ గురించి ఎంత చెప్పినా తక్కువే. ప్రాక్టికమ్ నడిచినంత కాలం నలుగురైదుగురిని ఒక గుంపుగా చేసి, అనుభవం ఉన్న ఒకరితో క్రమంగా కూర్చోబెట్టేవారు. ఎవరి తప్పులు ఎవరూ పట్టరు. ఆ పిల్లాడితో మాట్లాడుతుంటే మీకు లోపల ఏమైంది అని అడుగుతారు, అంతే. నాకు ఫలానా పిల్లాడి మీద ఎందుకంత కోపం వస్తోందో అక్కడ తేలింది. గాయపడ్డవాళ్లతో పనిచేసేవాళ్లకు ఆ గాయం పరోక్షంగా అంటుకుంటుందని చార్లెస్ ఫిగ్లీ లాంటి పరిశోధకులు 1990లలోనే రాశారు. ఆ పాఠం చదివితే ఓహో అనిపించింది. గుంపులో కూర్చున్నాకే అది నాకూ అంటిందని తెలిసింది. కోర్సు అయిపోయినా మా గుంపు ఇప్పటికీ నెలకోసారి కలుస్తుంది. దీనికి పక్కనే ‘సెల్ఫ్ కేర్’ అని ఒక మాడ్యూల్ ఉంది, దాని గురించి ఎక్కువ చెప్పను. దీర్ఘశ్వాస తీసుకోండి, నడకకు వెళ్లండి అంటుంది. ఒక్క సోషల్ వర్కర్ నెత్తిన రెట్టింపు కేసులు పెట్టి నడకకు వెళ్లమంటే ఎవరికి నవ్వు రాదు?

ఒక మార్కు కోసింది ఇక్కడే. ఈ పద్ధతి పుట్టిందే సంస్థల కోసం. 2001లో అమెరికా మనస్తత్వవేత్తలు మాక్సీన్ హారిస్, రోజర్ ఫాలట్ దీన్ని ప్రతిపాదించినప్పుడు, ఫోన్ ఎత్తే మనిషి నుంచి డైరెక్టర్ దాకా వ్యవస్థ మొత్తం మారాలన్నారు. మా కోర్సు మాత్రం దాదాపు అంతా వ్యక్తి మీదే నడిచింది. సంస్థను మార్చడానికి ఇచ్చింది చివర్లో ఒక వారం, ఒక పోస్టర్ అసైన్‌మెంట్. నేర్చుకుని తిరిగి వెళ్లేది పాత నిబంధనల స్కూలుకే. నా క్లాసులో కుదుటపడ్డ పిల్లాడు పక్క పీరియడ్‌లో అందరి ముందూ నిలబడి చీవాట్లు తింటాడు. క్రమశిక్షణ నియమావళిలో ఒక్క వాక్యం మార్పించాలంటే ఎవరితో మొదలుపెట్టాలి, యాజమాన్యానికి ఏ లెక్కలు చూపాలి, ఒప్పుకోని సహోద్యోగితో గొడవ పడకుండా ఎలా మాట్లాడాలి? ఇవి ఒక సెమిస్టర్ పాఠాలు. మా దగ్గర ఒక వారంలో ముగిశాయి.

ఇంకోటి, పాఠాల్లో ఎక్కడా చెప్పనిది. స్కూళ్లలో ఈ పద్ధతి ఎంత పనిచేస్తోందో చూద్దామని 2019లో, పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి బేరీజు వేసే క్యాంప్‌బెల్ సంస్థ తరఫున వచ్చిన సమీక్షలో, వాళ్లు పెట్టుకున్న ప్రమాణాలకు తగిన అధ్యయనం ఒక్కటీ దొరకలేదు. పనికిరాదని దాని అర్థం కాదు, సరిగ్గా పరీక్షించలేదనే అర్థం. ఇంత డబ్బూ కాలమూ పెట్టి చదివేవాళ్లకు ఆ మాట మొదటి నెలలోనే చెప్పాలి.

కోర్సు చేసినవాళ్లకు పట్టుకునే జబ్బు కూడా ఒకటుంది: అంతటా ట్రామాయే కనిపించడం. పాఠం వినని పిల్లాడికి చెవులు సరిగ్గా వినబడకపోవచ్చు, చదవడంలో ఇబ్బంది ఉండొచ్చు, రాత్రి నిద్ర లేకపోవచ్చు. ముందు అవి చూడాలి. పాపం అంటూ పనులు తగ్గించేసి, నియమాలు వదిలేసే టీచర్లనూ చూశాను. హద్దులు స్పష్టంగా ఉండడం కూడా భద్రతలో భాగమే. కోర్సు ఈ మాట చెప్తుంది, కాకపోతే గట్టిగా చెప్పదు.

రోజూ పిల్లలతోనో కుటుంబాలతోనో నేరుగా పనిచేస్తూ కొన్నేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు ఈ కోర్సు గట్టిగా సిఫారసు చేస్తాను. ఉద్యోగంలో ఇంకా చేరనివాళ్లు ఆగండి, తెచ్చి చూపించుకోవడానికి మీ దగ్గర కేసులుండవు. సొంత జీవితంలో పచ్చి గాయం ఉన్నవాళ్లు చేరేముందు తమ కోసం ఒక కౌన్సెలర్‌ను చూసుకోండి. కొన్ని వారాల పాఠాలు చాలా బరువుగా ఉంటాయి. వీలైతే మీ సంస్థ నుంచి ఇద్దరు కలిసి చేరండి, వారిలో ఒకరు నిర్ణయాలు తీసుకునే స్థాయిలో ఉంటే మరీ మంచిది. ఇక ఫీజు కట్టే ముందు ఒక్క సూపర్విజన్ గురించి మాత్రం అడగండి: సూపర్విజన్ గంటలెన్ని, గుంపులో ఎందరు, నడిపేదెవరు? అది రికార్డు చేసిన వీడియోలతో సరిపెట్టే కోర్సయితే వేరేది వెతుక్కోండి.