పదహారు నుంచి పదిహేనుకు: జయపురంలో ఒక టైర్ల దుకాణం

కారుకున్న పదహారు అంగుళాల చక్రాలు తీయించి పదిహేను అంగుళాలవి వేయించుకున్నానని చెబితే ఒడిశా కొరాపుట్ జిల్లా సిమిలిగుడలో మిత్రులు నవ్వారు. చిన్నవి తీసి పెద్దవి వేయించుకునేవారే గాని, డబ్బులిచ్చి మరీ పెద్దవి పీకించుకునేవారిని వాళ్లు చూడలేదట. గత డిసెంబరులో ఆ పని చేసిపెట్టిన జయపురం దుకాణం గురించి, పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు వైపు తరచూ దిగే మనవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మాది స్విఫ్ట్ కారు. కంపెనీ ఇచ్చిన టైరు 185/65 ఆర్15. మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో టైరు పక్కభాగం ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము అడ్డుకొలత అంగుళాల్లో. రెండేళ్ల కిందట కోస్తాలోని ఒక పట్టణంలో, పేరు అనవసరం, ఒక దుకాణదారు రాయితీ అంటూ 205/55 ఆర్16 టైర్లతో మెరిసే అల్లాయ్ చక్రాలు నాకు అంటగట్టాడు. చూపుకు బాగున్న మాట నిజమే. కాని ఘాట్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పిన ప్రతి మలుపులోనూ ముందు టైరు మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్‌ను ఒరుసుకుని గర్రుమనేది. ఎనభై దాటగానే స్టీరింగ్ వణికేది. మొన్నటి వానాకాలంలో సుంకి దగ్గర నీళ్లు నిండిన గోతిలో పడి ఒక రిమ్ము అంచు వంగిపోయింది.

జయపురం దుకాణం మెయిన్ రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది. యజమాని సాలూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన. మనతో తెలుగు, కుర్రాళ్లతో ఒడియా. ఏ టైరు కావాలని అడగలేదు. డ్రైవరు తలుపు తెరిచి, ఆ తలుపు పక్క కారు స్తంభానికి అంటించి ఉన్న చీటీ మీద కంపెనీ రాసిన సైజు, గాలి కొలత చదివాడు. తర్వాత చక్రం ఊడదీయించి రిమ్ము మధ్య రంధ్రంలో వేలు పెట్టి చూపించాడు. స్విఫ్ట్ హబ్బు, అంటే చక్రం మధ్య రంధ్రం కూర్చునే కారు భాగం, 54.1 మిల్లీమీటర్లు, బోల్టుల అమరిక నాలుగు, వంద మిల్లీమీటర్ల వలయం మీద. నా అల్లాయ్‌కి బోల్టులు సరిపోయాయి గాని మధ్య రంధ్రం హబ్బు కంటే పెద్దది, ఆ సందును పూడ్చే రింగు వేయనే లేదు. చక్రం కుదురుగా కూర్చోకపోవడమే వణుకుకు మూలమని ఆయన తేల్చాడు. పైగా చక్రం హబ్బు మీద ఎంత లోపలికి కూర్చుంటుందో చెప్పే, రిమ్ము లోపల ఈటీ అని వేసి ఉండే అంకె కంపెనీ రిమ్ము మీద ఉన్నదానికంటే తక్కువ కావడంతో చక్రం బయటికి పొడుచుకొచ్చింది. ఒరుసుకోవడానికి ఇదొక కారణం. రెండోది టైరు ఎత్తు. దాన్ని ఆయన బిల్లు పుస్తకం వెనక లెక్క కట్టి చూపించాడు: కంపెనీ టైరు మొత్తం ఎత్తు 621 మిల్లీమీటర్లు, నాది 632. అంటే మీటరు వంద చూపించినప్పుడు బండి దాదాపు నూట రెండులో పోతున్నదన్న మాట. ఎత్తు పెరిగినా, పక్కభాగం మాత్రం 120 నుంచి 113కి తగ్గింది. రిమ్ముకు గొయ్యికి మధ్య మెత్త తగ్గితే దెబ్బ రిమ్ముకే తగులుతుంది. "పెద్ద రిమ్ము చూపుకి బాగుంటాది మాస్టారూ, గోతిలో పడితే ఒంగిపోతాది" అన్నాడు.

ఆ మాటకు నేను మా మేనల్లుడి సంగతి ఎత్తాను. వాడు కెనడాలో, క్యుబెక్ రాష్ట్రంలోని మాంట్రియల్‌లో ఉంటాడు. క్యుబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు కార్లకు చలికాలపు టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. ఆ టైరు రబ్బరు ఏడు డిగ్రీల లోపు చలిలోనూ గట్టిపడకుండా పట్టు నిలుపుతుంది. గాడుల మధ్య దిమ్మెల మీద సన్నని చీలికలుంటాయి. పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచు పువ్వు గుర్తు ఉంటుంది. వాడి కారుకు వేసవిలో 205/55 ఆర్16, చలికాలానికి ఇనుప రిమ్ములతో 195/65 ఆర్15. మొత్తం ఎత్తులో తేడా అర శాతం కూడా లేదు, కాని టైరు సన్నబడి మంచును కోసుకుంటూ కిందికి దిగుతుంది, పక్కభాగం ఎత్తు పెరిగి గోతులకు ఓర్చుకుంటుంది, చిన్న రిమ్ము ధర కూడా తక్కువ. చూసుకోవలసిందల్లా చిన్న రిమ్ము బ్రేకు కాలిపర్‌కు, అంటే బ్రేకు డిస్కును పట్టి నొక్కే భాగానికి, తగలకుండా ఉండటం.

అందుకని నేనూ ఇంకో మెట్టు దిగి, ఇదే కారు తక్కువ ధర మోడళ్లకు కంపెనీయే ఇచ్చే 165/80 ఆర్14 వేయించుకుంటానన్నాను. ఎత్తు 620, కొలత దాదాపు అదే. సన్నని టైరు వాన నీటినీ బాగా చీల్చుకుపోతుంది. పెద్దాయన కాదనలేదు గాని, టైరు మోయగల బరువును చెప్పే, దాని మీది అంకె చూడమన్నాడు. ఆ సైజులో 85 అంటే టైరుకు 515 కిలోలు, నా కారు కంపెనీ సైజులో 88 అంటే 560. కుటుంబంతో, సామానుతో ఘాట్ దిగుతూ పదే పదే బ్రేకు వేసేవాడికి ఆ వెడల్పు, ఆ బలం వదులుకోవడం దేనికని ఆయన ప్రశ్న. చలికాలపు టైరు సంగతైతే నవ్వి ఊరుకున్నాడు. పొట్టంగిలో పొద్దున పొగమంచు, చలి ఎంతున్నా మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది, ఆ రబ్బరు మన రోడ్డు మీద ఇట్టే అరిగిపోతుంది. నాకు కావలసినది లోతైన గాడులున్న మామూలు టైరే. అమ్మకం పోగొట్టుకోవడానికి భయపడని మనిషి మాటలా అనిపించి ఒప్పుకున్నాను.

అటకెక్కించిన పాత ఇనుప రిమ్ములు నా దగ్గరే ఉండటంతో 185/65 ఆర్15 టైర్లు మాత్రం కొన్నాను. నాలుగింటి మీదా 2825 అని ఉంది, అంటే 2025లో ఇరవై ఎనిమిదో వారం తయారీ. టైర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కదా, బిల్లులో 18 శాతమే వేశాడు. కుర్రాడు నట్లను వరసగా కాక ఎదురెదురుగా, ముందు చేత్తో, బండి దించాక పానాతో బిగించాడు. ఇది చూడటానికైనా అక్కడ నిలబడాలి.

లోపాలు లేకపోలేదు. చక్రాల వరస సరిచూసే అలైన్‌మెంట్ యంత్రం లేదు, అందుకోసం మరో చోటికి వెళ్లవలసి వచ్చింది. కూర్చోవడానికి రెండే కుర్చీలు, అందులో ఒకదానికి చేతులు లేవు. మొత్తం మూడు గంటలు పట్టింది, బిల్లు అడిగితే గాని రాయలేదు. ఇన్ని చెప్పినా వచ్చే వానాకాలం ముందు స్టెప్నీ మార్పించడానికి మళ్లీ అక్కడికే వెళ్తాను.

ఇప్పటికి సాలూరు రెండుసార్లు వెళ్లి వచ్చాను. గర్రుమనడం లేదు, ఎనభైలో స్టీరింగ్ నిలకడగా ఉంది. అల్లాయ్ చక్రాలు నాలుగూ మేడ మీద గోనెసంచి కప్పుకుని ఉన్నాయి. కొనదలచినవారు రావచ్చు, ఒకదాని అంచు వంగిందని ముందే చెబుతున్నాను.