మ్యాగ్నకట్‌కి తుప్పు పట్టలేదు, ఇరుసుకి పట్టింది

పొద్దున సాన పట్టిన మడత చాకు, రోజంతా జేబులోంచి తీయకపోయినా, మర్నాటికి మేత బస్తా కుట్టు దారం మీద జారుతుంటే తప్పు సానది కాదు. అది తుప్పు. ఎర్రమచ్చ కనిపించాలనేం లేదు. బాగా పదునెక్కిన అంచు కొస మందం ఒక మైక్రాన్‌కి అటూ ఇటూగా ఉంటుంది. అంత సన్నని చోట చెమటో ఉప్పునీళ్ల తడో ఒక్క రాత్రి నిలిచిందంటే, బ్లేడు పక్కలు తళతళలాడుతూనే ఉంటాయి, కొస మాత్రం కొరుక్కుపోతుంది. నరసాపురం, మొగల్తూరు వైపు వనామీ రొయ్యల చెరువుల మీద తిరిగే చాకు కోతలో పోగొట్టుకునే పదును కొంతే. ఇలా జేబులో ఉండగా పోగొట్టుకునేది ఎక్కువ. అందుకే నేను వాడిన అయిదు రకాల చాకు స్టీళ్లనీ ముందుగా తుప్పుని తట్టుకునే గుణంతోనే తూస్తున్నాను.

డీ2 నాలుగేళ్లు, ఎం390 మూడేళ్లు, ఎస్35వీఎన్, 14సీ28ఎన్ చెరో ఏడాదిన్నర, మ్యాగ్నకట్ దాదాపు రెండేళ్లు. పని అన్నిటికీ ఒకటే. రోజుకి ఇరవై ముప్ఫై మేత బస్తాలు, పక్షుల వల కట్టే నైలాన్ తాడు, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రేల తాళ్లు, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ కేబుల్ తొడుగు, మధ్యలో నిమ్మకాయ, పచ్చిమామిడి. బస్తా అల్లికకి అంటుకున్న మేత పొడి సన్న గరుకు కాగితంలా ధారని అరగదీస్తుంది. కొత్త పంటకి నీళ్లు పెట్టి బ్లీచింగ్ చల్లే రోజుల సంగతి వేరు. క్లోరిన్ ముందు ఈ అయిదింటిలో ఏదీ ధీమాగా నిలబడదు.

డీ2లో క్రోమియం 12 శాతం దాకా ఉంటుంది, మ్యాగ్నకట్‌లో 10.7 శాతమే. కాగితం మీద డీ2 గెలవాలి. గట్టు మీద మాత్రం మొదటి నెలలోనే డీ2 బ్లేడుకి బొటనవేలు ఆనే చోట మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలు వచ్చాయి. కారణం కార్బన్. డీ2లో అది 1.5 శాతం. ఆ కార్బన్ క్రోమియంలో పెద్ద వాటాని పట్టుకుని కార్బైడ్ అనే గట్టి గడ్డలుగా కట్టేస్తుంది. గడ్డలో ఇరుక్కున్న క్రోమియం అరుగుదలని ఆపుతుంది గానీ తుప్పుని ఆపలేదు. తుప్పుని ఆపేది ఉక్కులో కరిగి ఉన్న క్రోమియమే. లోహశాస్త్రవేత్త లారిన్ థామస్ రూపొందించగా 2021లో బయటికొచ్చిన మ్యాగ్నకట్‌లో ఈ ముడిని విప్పారు. కార్బన్‌ని 1.15 శాతానికి దించి, 4 శాతం వెనేడియం, 2 శాతం నియోబియం, కొంచెం నైట్రోజన్ వేసి, కార్బైడ్లన్నీ వెనేడియం, నియోబియంలతోనే కట్టుకునేలా చేశారు. ఉన్న క్రోమియం అంతా తుప్పు మీద కాపలాకి మిగిలింది. కరిగిన ఉక్కుని ముందు పొడిగా మార్చి అదిమే పౌడర్ పద్ధతిలో తయారవడంతో ఆ కార్బైడ్లు చిన్నవి, అంతటా సమంగా పరుచుకున్నవి. అందుకే పలచటి ధార పెట్టినా పెచ్చులూడదు.

ఈ సంగతి చదివి తెలుసుకోవడం ఒకటి, గట్టు మీద చూడటం ఒకటి. పచ్చిమామిడి కోసి, ప్యాంటుకి ఒకసారి రాసి, మడిచి జేబులో వేసిన బ్లేడు మర్నాడు కూడా వేలి గోరు మీద ఆనిస్తే జారకుండా పట్టుకుంటుంది. రెండో వానాకాలం చివర దీపం కింద పెట్టి, పది రెట్ల భూతద్దంతో మడమ నుంచి మొన దాకా చూస్తే ఒక్క గుంట లేదు. ఇన్నేళ్లుగా ఈ ఉప్పుగాలిలో మడత చాకులు వాడుతూ, బ్లేడు గురించి ఆలోచించడం మానేసింది దీని దగ్గరే. ఆ సుఖం చిన్నది కాదు.

మిగతా మూడింటి గురించి క్లుప్తంగా చెబుతాను. ఎస్35వీఎన్ అన్నిటిలోనూ మధ్యస్తం. తుడిస్తే తుప్పు లేదు, తుడవకపోతే వారంలో గోధుమరంగు మచ్చ. ఎం390లో క్రోమియం 20 శాతం, కార్బన్ 1.9 శాతం. బస్తాల మీద దీనిదే పైచేయి. మ్యాగ్నకట్ నాలుగైదు రోజులకి సాన అడిగితే ఇది వారం లాగింది. తుప్పు కూడా బాగానే తట్టుకుంటుంది, లేజర్‌తో పేరు చెక్కిన చోట తప్ప. లేజర్ వేడికి అక్కడి పైపొర చెడిపోతుంది, మొదటి గుంట అక్షరం అంచునే పడుతుంది. ఎం390తో అసలు చిరాకు బర్, అంటే సాన పట్టేటప్పుడు అంచున మిగిలే రేకు. సాన మీద ఒక పక్క రుద్దితే సన్నని రేకులా రెండో పక్కకి వాలుతుంది, అటు రుద్దితే ఇటు వాలుతుంది, ఊడదు. చేతి మీద వెంట్రుకలు గొరుగుతుంది కాబట్టి పదునెక్కిందనుకుంటాం. రెండు బస్తాలకి ఆ రేకు మడత పడి చాకు మొద్దవుతుంది. డైమండ్ ప్లేటు మీద చివరి ఎనిమిది పది రుద్దులు చాకు సొంత బరువు మాత్రమే ఆనేలా, పక్కకి ఒకటి చొప్పున మారుస్తూ, కోణం రెండు డిగ్రీలు పెంచి రుద్దాలి. ఆ తర్వాత ఒక మైక్రాన్ డైమండ్ పేస్టు రాసిన తోలు పట్టీ మీద పక్కకి పదిసార్లు. అప్పుడు ఊడుతుంది. 14సీ28ఎన్ ఇంత కథ పడదు. బజారులో దొరికే మామూలు సానరాయి మీద అయిదు నిమిషాల పని, తుప్పు దాదాపు లేదు. కానీ ఈ బస్తాలకి రోజూ సాన అడుగుతుంది.

ఇక మ్యాగ్నకట్ చాకులో వచ్చిన చిక్కు. ఇది వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఖరీదైన స్టీలు కొనేవాళ్లెవరూ దీన్ని ముందుగా చూసుకోరు.

పధ్నాలుగో నెలలో చాకు తెరిస్తే ఇసుక నలిగినట్టు చప్పుడు. బ్లేడు తన బరువుకి తాను వాలడం మానేసింది. మేత పొడి చేరిందనుకుని బ్లేడు తిరిగే ఇరుసు దగ్గర రెండు చుక్కల నూనె వేస్తే రెండు రోజులు బాగుంది, మూడో రోజుకి మరీ బిగుసుకుంది. నూనెలో పొడి కలిసి ముద్దయింది. కడిగితే ఇరుసు సందులోంచి టీ డికాక్షన్ రంగు నీళ్లు కారాయి. బ్లేడు మీద చుక్క తుప్పు లేని చాకులోంచి ఆ రంగు నీళ్లెక్కడివి?

విప్పితే తెలిసింది. ఇరుసు స్క్రూ టీ8, పిడి స్క్రూలు టీ6, రెండూ నక్షత్రం గాడి సైజులు. ఫ్యాక్టరీలో స్క్రూలకి జిగురు వేసి బిగిస్తారు. నేరుగా తిప్పితే టీ6 తల గుండ్రంగా అరిగిపోతుంది, ఆ తర్వాత డ్రిల్లు పెట్టడమే గతి. సోల్డరింగ్ ఐరన్ మొనని స్క్రూ తల మీద అరనిమిషం ఆనించి, వేడిగా ఉండగానే బిట్‌ని నిటారుగా నొక్కిపట్టి తిప్పితే చిన్న టిక్కుమనే చప్పుడుతో వదులుతుంది. లోపల ఇరుసుకి రెండు వైపులా ప్లాస్టిక్ పంజరంలో తొమ్మిదేసి గుళ్ల బాల్ బేరింగులు. గుళ్లన్నీ ఇటుక రంగు. మూడు గుళ్లు పంజరంలోనే అతుక్కుని తిరగడం లేదు. బ్లేడు మీద గుళ్లు పరుగెత్తిన దారి వెంట గోధుమరంగు వలయం. గుడ్డకి కిరోసిన్ అద్ది తుడిస్తే అదంతా పోయింది, కింద ఉక్కు శుభ్రం. ఆ మరక బ్లేడుది కాదు, గుళ్లది.

బేరింగుల్లో ఎక్కువగా వాడే క్రోమ్ స్టీలు 52100 రకం. ఒక శాతం కార్బన్, 1.5 శాతం క్రోమియం. పేరులో క్రోమ్ ఉన్నా అది స్టెయిన్‌లెస్ కాదు. నూనెలో మునిగి ఉండే యంత్రంలో దానికి లోటు లేదు. ఉప్పుగాలి, చెమట నేరుగా తగిలే చాకు ఇరుసులో ఎండిన నూనె కింద నిలవదు. స్టీలుకి పెట్టిన ఖర్చంతా బ్లేడులో ఉంది. ఇరుసులో ఉన్నవి పైసల ఖరీదు గుళ్లు. తయారీదారు పెట్టె మీద బ్లేడు స్టీలు పేరు పెద్దక్షరాల్లో వేశాడు, గుళ్లు దేనితో చేశారో ఎక్కడా రాయలేదు. ఇంత మంచి ఉక్కు పెట్టి, అక్కడ కక్కుర్తి పడటం బాధ కలిగించే సంగతే.

బాగు చేయడం కష్టమేం కాదు. సిలికాన్ నైట్రైడ్ అనే సిరామిక్‌తో చేసిన గుళ్లు విడిగా దొరుకుతాయి, వాటికి తుప్పు అన్నదే లేదు. కొనేముందు పాత గుండుని వెర్నియర్‌తో కొలవాలి. 1.5 మి.మీ. సైజు ఒకటుంది, అంగుళంలో పదహారో వంతు సైజు ఇంకోటుంది. రెండోది 1.588 మి.మీ. కంటికి రెండూ ఒకటే. చిన్నవి వేస్తే బ్లేడు పక్కలకి ఊగుతుంది, పెద్దవి వేస్తే స్క్రూ పూర్తిగా బిగియదు. పాతా కొత్తా కలపకూడదు, రెండు వైపులా మొత్తం మార్చాలి. గుళ్లు వేసేటప్పుడు పళ్లెంలో తెల్ల గుడ్డ పరుచుకుంటే దొర్లిపోవు. పడవ ఇంజన్లకి వాడే నీరు పట్టని గ్రీజు అగ్గిపుల్ల మొన మీద పట్టేంత చాలు. ఎక్కువైతే పొడిని లాక్కుంటుంది. కొబ్బరినూనె వద్దు. చలికాలం తెల్లారుజామున గడ్డకట్టి బ్లేడుని పట్టేస్తుంది. ఇరుసు స్క్రూకి నీలం రకం లాకింగ్ జిగురు ఒక్క చుక్క. ఎరుపు రకం వేస్తే మళ్లీ విప్పడం నరకం. బిగించాక బ్లేడు అడ్డంగా ఊగకూడదు, తన బరువుకి వాలాలి. ఈ రెండూ కుదిరేదాకా స్క్రూని కొంచెం కొంచెంగా సర్దుకోవాలి.

కడగడంలో కూడా ఒక మెలిక ఉంది. సాయంత్రం చాకు కడిగితే మంచిదే, కానీ ఈ ఊళ్లలో బోరు నీళ్లూ ఉప్పే. వాటితో కడగడమంటే ఉప్పుని ఇరుసులోకి పంపడమే. తాగే క్యాను నీళ్లు ఒక గ్లాసు చాలు. తెరిచి ఒకసారి, మడిచి ఒకసారి పోసి, దులిపి, నీడలో తెరిచే ఆరబెట్టాలి.

మ్యాగ్నకట్‌ని పొగిడిన మాటలకి కొన్ని సర్దుబాట్లు కావాలి. ఈ స్టీలు సత్తా గట్టిదనం కొలతలో 62 నుంచి 64 హెచ్‌ఆర్‌సీ మధ్య బయటపడుతుంది. కొందరు 60, 61 దగ్గరే ఆపేస్తారు. అప్పుడు తుప్పు తట్టుకోవడంలో లోటుండదు గానీ ధార బస్తాల మీద తొందరగా మడత పడుతుంది. కొనేముందు గట్టిదనం అంకె అడగాలి. మొదటి రెండు సానలదాకా తీర్పు చెప్పకూడదు కూడా. ఫ్యాక్టరీలో బెల్టు మీద ధార తీసేటప్పుడు కొస వేడెక్కి మెత్తబడటం ఉంటుంది. ఈ చాకూ మొదటి నెలలో నిరాశపరిచింది, ఆ పొర అరిగాకే అసలు ఉక్కు బయటికొచ్చింది. తుప్పు అసలు పట్టదని కూడా కాదు. బ్లీచింగ్ డబ్బా మూత కోసి కడగకుండా మరచిన ఒక్క మధ్యాహ్నానికి పొగమంచులాంటి మరక పడింది. మెటల్ పాలిష్‌తో పోయింది, గుంట మిగల్లేదు. ఇక పదును నిలవడంలో స్టీలు పేరు కంటే ధార వెనక మందమే ఎక్కువ మాట్లాడుతుంది. అంచుకి సరిగ్గా పైన 0.4 మి.మీ. ఉన్న 14సీ28ఎన్ బ్లేడు, 0.7 ఉన్న ఎం390 కంటే అట్టపెట్టెని తేలిగ్గా చీల్చింది.

హైదరాబాద్‌లో కూర్చుని కొరియర్ పెట్టెలు విప్పేవాళ్లకి ఇదంతా అక్కర్లేదు. వాళ్లకి డీ2 కూడా ఏళ్లకేళ్లు ఆనందంగా పనిచేస్తుంది, సాన విసుగు లేకపోతే ఎం390 ఇంకా మేలు. ఉప్పు చెరువుల మీద, వలల మీద పనిచేసేవాళ్లకైతే మ్యాగ్నకట్ అంటాను, అదీ ఇరుసులో కంచు వాషర్లో సిరామిక్ గుళ్లో ఉన్న చాకు అయితేనే. అంత ఖర్చు వద్దనుకుంటే వాషర్లున్న 14సీ28ఎన్ తీసుకుని రోజూ అయిదు నిమిషాలు రాయి మీద పెట్టుకోవచ్చు. మడత అవసరం లేనివాళ్లకి ఒరలో పెట్టుకునే చిన్న చాకు ఇంకా మంచిది, అందులో తుప్పు పట్టడానికి ఇరుసే ఉండదు.

గుళ్లు మార్చి ఎనిమిది నెలలైంది, చాకు కొత్తదానిలా తెరుచుకుంటోంది. లాక్ రేకులో దిగ్గొట్టిన చిన్న గుండు, మడిచినప్పుడు బ్లేడుని పట్టి ఉంచేది, ఇంకా పాత ఉక్కుదే. దాన్ని ఇంట్లో మార్చలేం. అది తుప్పు పట్టిన ప్రతిసారీ బ్లేడు మడమ మీద వెంట్రుక మందాన ఒక గీత గీస్తుంది. ప్రస్తుతానికి నెలకోసారి గ్రీజు రాసి ఆపుతున్నాను.