గానోడెర్మా కాఫీ: తాగడానికి పర్లేదు, మందు మాత్రం కాదు

గానోడెర్మా అనే పుట్టగొడుగు కలిపిన ఈ కాఫీ రుచి సంగతి ముందే చెప్పేస్తా, బాగానే ఉంది. ప్యాకెట్ చింపి వేడినీళ్లలో కలిపితే పైన కాస్త నురగ, తీపి కొంచెం ఎక్కువే, చివర్లో నాలుక మీద సన్నగా చేదు. కానీ ఇంటికొచ్చి అమ్మినతను దీన్ని కాఫీ అని అమ్మలేదు. బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పులు, ఆఖరికి క్యాన్సర్ కూడా లిస్టులో ఉంది. "రెండు పూటలా తాగండక్కా, మాత్రలు వాటంతటవే మానేస్తారు" అన్నాడు. మెంబర్‌గా చేరి కింద ఇంకో ఇద్దర్ని చేర్పిస్తే చవగ్గా వస్తుందట, ఆ గొడవ మనకొద్దు.

డబ్బా వెనక చూస్తే చక్కెర, క్రీమర్, ఇన్‌స్టంట్ కాఫీ, అన్నిటికన్నా చివర గానోడెర్మా. బరువు ఎక్కువున్నది ముందు రాయాలన్నది లేబుల్ రూలు కాబట్టి పుట్టగొడుగు వంతుకి ఎంతొచ్చిందో అర్థమైపోతుంది. షుగర్ తగ్గుతుందని చెప్పి చక్కెర అమ్మడానికి గుండె ధైర్యం కావాలి!

అలాగని పుట్టగొడుగుని తీసిపారెయ్యను. చైనాలో లింగ్జీ, జపాన్‌లో రీషీ అంటారు, వందల ఏళ్లుగా వాడుతున్నదే. వార్నిష్ కొట్టిన చెక్కలా గట్టిగా ఉంటుంది, కూరకి పనికిరాదు, ఎండబెట్టిన ముక్కల్ని చాలాసేపు మరిగించి కషాయం తాగుతారు. అందులోని ట్రైటెర్పీన్లనే పదార్థాల వల్ల అది బాగా చేదు, కాబట్టి తియ్యగా దిగిపోయే కప్పులో అదెంతుందో మీరే చూసుకోండి. అందులోనే ఉండే బీటా గ్లూకాన్లనే పీచుపదార్థాలు రోగనిరోధక కణాల్ని కదిలిస్తాయని ల్యాబుల్లో చూశారు, నిజమే. కానీ వైద్య పరిశోధనల్ని కలిపి తూచి చూసే కాక్రేన్ అనే సంస్థ వాళ్లు మనుషుల మీద జరిగిన ప్రయోగాల్ని కలిపి చూస్తే, క్యాన్సర్‌కి అసలు చికిత్స బదులు వాడదగ్గ ఆధారం దొరకలేదు. షుగర్ ఉన్నవాళ్లలో గుండెజబ్బు ముప్పు తగ్గించడానికి కూడా పనికొస్తుందని తేలలేదని 2015లో చెప్పారు.

నాకు ఒళ్లు మండింది మాత్రం వేరే చోట. మావయ్యగారికి స్టెంట్ వేశారు, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. గానోడెర్మా కూడా తోడైతే రక్తస్రావం ముప్పు పెరగొచ్చు, అందుకే ఆపరేషన్ ముందు ఆపమంటారు. పొడి రూపంలో వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. డబ్బా చేతిలో పెట్టేముందు "ఏం మందులు వాడుతున్నారు" అని ఒక్క ముక్క అడగలేదు ఆ అమ్మినతను. డాక్టర్‌కి చూపిస్తే వెంటనే ఆపేయమన్నారు.

ఐదుకి రెండు స్టార్లు, రెండూ రుచికే. మామూలు కాఫీకి కొన్ని రెట్ల ధర, తెరిచిన డబ్బా వెనక్కి తీసుకోరు, కొనాలనుకుంటే విడి ప్యాకెట్ ఒకటి అడిగి చూడండి.